గవ్వకు వెచ్చని గూడు

చింతపల్లిలో అప్పలనరసయ్య అనే వడ్రంగి ఉండేవాడు. పనిలో ఎవరూ వంక పెట్టలేరు కానీ, ‘నాకు తెలియదు’ అనే మాట మాత్రం అతని నోట వచ్చేది కాదు. అతను బిగించిన తలుపు ఎంత ముసురులోనైనా సాఫీగా పడేది. ఊళ్లో అందరూ మేస్త్రీగారూ అని గౌరవంగా పిలిచేవారు. ఆ గౌరవం ఎక్కడ తగ్గుతుందోనని అతను అర్థం కానిదానికి కూడా తల ఊపేసేవాడు.

అదే ఊళ్లో శేషరత్నం అనే ఆవిడ గ్రంథాలయంలో పనిచేసేది. ఆమె తమ్ముడికి ఓడలో ఉద్యోగం. ఏడాదిపాటు సముద్రం మీదికి వెళ్తూ, విశాఖపట్నంలో తను పెంచుకుంటున్న తాబేలును అక్క చేతిలో పెట్టాడు. అది అరచేతంత ఉండేది. పేరు గవ్వ. వానలు విడవని వేడి అడవుల్లో పుట్టే జాతి దానిది. విశాఖ ఉక్కపోతలో హాయిగా తిరిగిన ఆ ప్రాణి, కొండల మీది చింతపల్లి చలికి రెండో రోజే తల లోపలికి లాక్కుంది.

శేషరత్నం నర్సీపట్నంలోని పశువైద్యుడు తాతారావుగారికి ఫోన్ చేసింది. గూడు కట్టించడానికి అప్పలనరసయ్యనూ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

“మూత ఉన్న పెట్టె కట్టాలి. అడుగున తడి కొబ్బరిపొట్టు పరవాలి. పైన వేడినిచ్చే బల్బు పెట్టాలి. వేడి చాలగానే బల్బును ఆర్పే పరికరం ఒకటి పంపిస్తాను. వేడిని కొలిచే దాని తీగ కొస సరైనచోట ఉండాలి. అదే ముఖ్యం. తెలిసిందా మేస్త్రీ?” అన్నాడు డాక్టరు.

సరైనచోటు ఏదో అప్పలనరసయ్యకు తెలియలేదు. అడుగుదామని నోరు తెరిచాడు. పక్కన శేషరత్నం తనవైపే చూస్తోంది. “తెలుసు బాబూ” అనేశాడు.

నాలుగు రోజుల్లో పెట్టె తయారైంది. ముందు అద్దం, మూలల్లో సన్నని చెక్కడం, చూడముచ్చటగా ఉంది. తీగ కిందికి వేలాడితే అందం చెడుతుందని, దాన్ని పైన బల్బు పక్కనే కనపడకుండా బిగించాడు. పరికరం మీద ముప్పై డిగ్రీలు కనిపించింది. గవ్వను లోపల పెట్టారు.

మూడు రోజులైనా గవ్వ ఆకు ముట్టలేదు. శేషరత్నం కంగారుపడి అప్పలనరసయ్యకు కబురు చేసింది.

“బల్బు ఊరికే ఆరిపోతోంది మేస్త్రీగారూ. లోపల వేడి సరిపోతోందంటారా?”

“ముప్పై చూపిస్తోంది కదమ్మా, ఇంకేం కావాలి?” అన్నాడు అతను. కానీ ఇంటికి వెళ్లాక అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ పిలుపు వచ్చింది. అప్పలనరసయ్య వెళ్లేసరికి గవ్వ మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి లాగుతోంది. ముక్కు దగ్గర చిన్నచిన్న బుడగలు. డాక్టరు ఫోన్‌లో ఉన్నాడు.

“అమ్మా, కొబ్బరిపొట్టులో వేలు పెట్టి చూడండి.”

ఆమె వేలు పెట్టి వెంటనే తీసేసింది. “ఐసులా ఉంది డాక్టరుగారూ!”

“పైన ముప్పై, కింద ఐసు. తడి, చలి కలిసి దాని ఊపిరితిత్తులను పట్టుకున్నాయి. మేస్త్రీ, పరికరం పాడైందా, తీగ కొస తప్పుచోట పెట్టావా? పాడైతే అక్కడ వేడి నిలవదు, ఘాట్ రోడ్డు దిగి నా దగ్గరికి తేవాలి. ఈ చలిగాలికి అది దారిలోనే పోవచ్చు. తప్పుచోట ఉంటే అక్కడే సరిచేయొచ్చు. త్వరగా చెప్పు!”

పరికరం పాడైందంటే చాలు, తన పేరు నిలుస్తుంది. శేషరత్నం అప్పటికే తాబేలుకు చుట్టడానికి శాలువా అందుకుంది. అప్పలనరసయ్య గవ్వ వైపు చూశాడు. మరో బుడగ పగిలింది.

“నేనే తప్పు చేశాను బాబూ” అన్నాడు. “కొస బల్బు పక్కన బిగించాను. ఎక్కడ పెట్టాలో ఆ రోజే నాకు తెలియలేదు. అడగడానికి సిగ్గేసింది.”

శేషరత్నం శాలువా పక్కన పెట్టి పెట్టె మూత తెరిచింది.

“తాబేలు వీపు ఎత్తులో పెట్టు. దానికి అందకుండా బిగించు. తడి పొట్టు తీసేసి, కాస్త చెమ్మగా ఉన్నది వెయ్యి. వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. నేను బయల్దేరుతున్నాను” అన్నాడు డాక్టరు.

అప్పలనరసయ్య చెక్కడాల మధ్యనే రంధ్రం తొలిచి తీగ కిందికి దించాడు. మూత సందుల్లో గుడ్డ కుక్కాడు. ఈసారి బల్బు గంటకు పైగా ఆరలేదు. అద్దం మీద ఆవిరి పట్టింది. మధ్యాహ్నం డాక్టరు వచ్చి సూది వేసేదాకా ఇద్దరూ అద్దం ముందు నుంచి కదలలేదు.

రెండు వారాలు సూదులు పడ్డాయి. అప్పలనరసయ్య రోజూ వచ్చి పొట్టులో వేలు పెట్టి చూసి వెళ్లేవాడు. పదహారో రోజున గవ్వ బొప్పాయి ముక్క కొరికింది. శేషరత్నం కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వింది. అయితే ఆ తర్వాత కూడా అది ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వినిపించేది. ఆ ఈల ఇక పోదని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నాక అప్పలనరసయ్య పెట్టె దగ్గరికి వెళ్లి, మళ్లీ పొట్టులో వేలు పెట్టి చూశాడు.

తెలియనిది అడిగితే కలిగే సిగ్గు ఒక్క క్షణంలో పోతుంది. తెలిసినట్టు నటిస్తే జరిగే కీడు మాత్రం ఏ పాపమూ ఎరుగని వారి మీద పడుతుంది.