మూడో పిలుపు

మౌద్గల్యుడు ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన రోజు ఆ గురుకులంలో ఎవరికీ గుర్తు లేదు. అడిగినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని, తాను చూసిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవాడు.

చారుమతి చదువు ముగించి తన కోటకు బయలుదేరుతున్న రోజది. తండ్రి పోయాడు, పాలన ఆమె మీద పడింది. కానీ గద్దె మీద పినతండ్రి కొడుకు కూర్చోవాలనీ, ఆమె వెనక ఉండి నడిపించాలనీ కోట పెద్దలు కబురంపారు.

"నేను సరేనందామనుకుంటున్నాను గురుదేవా. పని నా చేతుల మీదే జరుగుతుంది. పేరు ఎవరిదైతేనేం?" అంది.

మౌద్గల్యుడు ఆమెను కూర్చోమని, చెప్పడం మొదలుపెట్టాడు.

"పడుచుతనంలో నేను శ్వేతగిరి రాజుగారి పడవ నడిపేవాణ్ణి. ఆ దేశపు నది కొండ ఇరుకులో ఒక మహానాగం అడ్డంగా చుట్టుకుని పడుకునేది. ఏడాదికొకసారి, వేసవి చివర, రాజు పడవలో వెళ్ళి దాన్ని పిలవాలి. అది కదిలితేనే దిగువకు నీళ్ళు. మూడు పిలుపులే. మూడింటికీ లేవకపోతే మళ్ళీ ఏడాదే. పాలించేవాడి గొంతే దానికి వినబడుతుందని ఆ దేశంలో నమ్మకం.

"అప్పటి రాజు మేఘవర్మ మంచివాడు. కానీ తీర్పులు చెప్పేదీ, గింజలు పంచేదీ, సరిహద్దుల్లో సంధి కుదిర్చేదీ అతని అక్క తారావళి. మొదటి ఏడు అతను రెండుసార్లు పిలిస్తే నాగం కన్ను కూడా తెరవలేదు. మూడోసారి, పడవ గూడులో తెర వెనక కూర్చున్న అక్క, పోయిన తండ్రి గొంతులా బొంగురుగా పిలిచింది. నాగం కదిలింది. ఒడ్డున జనం రాజుకు జేజేలు కొట్టారు.

"అలా పన్నెండేళ్ళు. పిలిచిన ప్రతిసారీ ఆమె గొంతు చీరుకుపోయేది. నెల రోజులు మాట వచ్చేది కాదు. తమ్ముడే మిరియాల కషాయం కాచి తెచ్చి, తాగేదాకా పక్కనే కూర్చునేవాడు. ఈ సంగతి మా ముగ్గురికే తెలుసు.

"పదమూడో ఏడు ఆమె రెండుసార్లు పిలిచింది. గాలి తప్ప శబ్దం రాలేదు. ఒడ్డున నారు ఎండిపోతోంది. జనం నది వైపే చూస్తూ నిలబడ్డారు. మేఘవర్మ గూడు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"'అక్కా, నాన్న గొంతు వద్దు. నీ గొంతుతో పిలువు.'

"'జనం వింటారు తమ్ముడూ.'

"'విననీ. వాళ్ళు నన్ను మెచ్చుకున్న ప్రతిసారీ నేను తల దించుకున్నాను. ఇంక చాలు.'

"తెర తొలగించి చెయ్యి అందించాడు. ఆమె ఎండలోకి వచ్చింది. నా తెడ్డు నీళ్ళలో అలాగే ఆగిపోయింది. అన్నానికి ఇంట్లోవాళ్ళను పిలిచినట్టు, సన్నగా, మెల్లగా పిలిచింది.

"నాగం తల ఎత్తింది. ఆమెనే చూస్తూ చుట్టలు విప్పుకుని పక్కకు జరిగింది. నది దిగువకు దూకింది.

"ఒడ్డున ఉన్న దండనాయకుడు ముందుకొచ్చి, 'పిలిచింది రాజు కాదు. ఈ నీళ్ళు చెల్లవు' అన్నాడు.

"అప్పటికే మడిలో దిగి గట్టు తెగ్గొడుతున్న ఒక ముసలి రైతావిడ తలెత్తకుండానే అంది: 'చెల్లకపోతే మీ పొలానికి పెట్టుకోకండి దొరా. మాకు చెల్లుతాయి.'

"ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. మేఘవర్మ కిరీటం తీసి అక్క తల మీద పెట్టాడు. అది వదులుగా ఉండి చెవుల మీదకు జారితే, ఆమె ఒక చేత్తో పట్టుకుని ఏడ్చింది. అంత తేలిగ్గా ఏమీ అయిపోలేదమ్మా. ఇద్దరు సామంతులు రాజ్యం నుంచి విడిపోయారు. కొలువులో మూడు నెలలు వాదాలు నడిచాయి. మేఘవర్మ మాత్రం ఆమె పక్కన చిన్న పీట వేయించుకుని, ఆ మూడు నెలలూ అక్కడి నుంచి కదల్లేదు."

గురువు ఆగాడు.  చారుమతి అడిగింది.

"ఆవిడ బాగా పాలించిందా గురుదేవా?"

"అంతకుముందు ఎలా పాలించిందో అలాగే. కొన్ని తప్పులూ చేసింది."

"మరి తేడా ఏముంది?"

మౌద్గల్యుడు ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"నీళ్ళు సరిపోని ఏడాది ఎవరి గుమ్మం ముందు నిలబడి అడగాలో, ఆ ముసలావిడకు తెలిసింది."