బుచ్చవ్వ బిడ్డకో ముద్ద

అనగనగా, చుక్కలు మేకల కొమ్ములకు తగిలేంత కిందికి ఉన్న రోజుల్లో, ప్రాణహిత ఒడ్డున బుచ్చవ్వ అనే మేకలకాపరి ఉండేది. ఆమె ఒక్క కేకేస్తే ఏటి అవతలి పులులు కూడా వచ్చి మందలో నిలబడేవి!

మొగుడు పోయాడు. పిల్లల్లేరు. ఆమెకు ఒకటే దిగులు. "నేను పోతే పిట్టకు పెట్టేదెవలు?"

పిట్టకు పెట్టడమంటే, పోయినవాళ్లకు మూడోనాడు విస్తరేసి పేరు పెట్టి పిలవాలి. కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే, పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయినట్టే; అది తీరుస్తామని మాటివ్వాలి.

ఒక ఏడు వాన కురిసింది చూడండి, చేపలే తడిసిపోయి జలుబు చేసి తుమ్మాయి! ఎర్రమట్టి గట్టు విరిగింది. లోపలి నుంచి రాయిగా మారిన తొడ ఎముక ఒకటి బయటపడింది. ఈ చివర వాన పడుతుంటే ఆ చివర బట్టలు ఆరేవి, అంత పొడుగు!

"రాక్షసునిది" అన్నాడు పటేల్.

"ఐరావతానిది" అన్నాడు పూజారి.

"మా అత్తది" అన్నాడు కమ్మరి రాజయ్య.

"ఎవలిదైతేంది? దీనికి పిట్టకు పెట్టినోళ్లెవలు?" అంది బుచ్చవ్వ.

తనే అన్నం వండి విస్తరేసింది. కాకి వచ్చి గట్టు మీద కూర్చుంది.

"నిన్ను ఏట్ల పడెయ్యనియ్య" అంది. కాకి కదల్లేదు.

"నీ బొక్కలన్నీ ఒక్కకాడికి జేరుస్త" అంది. కాకి మెడ తిప్పుకుంది.

ఇంతలో బండ్లేసుకుని ఒక తెల్లదొర దిగాడు. ఇది మనుషులు పుట్టకముందే చచ్చిన జంతువట. పట్నం తీసుకుపోతాడట. బుచ్చవ్వ వెళ్లి ఎముక మీద కూర్చుంది.

"లెవ్వు ముసల్దానా!" అన్నాడు దొర వెంట వచ్చిన దుబాసీ.

"పిట్ట ముట్టందే లెవ్వ. దీని పేరన్న చెప్పుమను, పిలుస్త."

"ఇప్పటిదాంక పేరు లేదట. దొరే పెడతడట."

దొర పెట్టాడు. పొద్దున మొదలుపెడితే మేకలు ఇల్లు చేరేదాకా సాగే పేరు! కాకి ముక్కు రెక్కలో దాచుకుంది. ఆ పేరుకు దొర తన గురువు పేరు కూడా తగిలించాడు. కాకి నిద్రపోయింది.

బుచ్చవ్వ ఎముకను నిమిరింది. "మనుషులే లేనప్పుడు సచ్చినవా? అయితే నీకోసం ఏడ్సినోళ్లు గూడ లేరా?" "నాకూ ఎవలు లేరు. నువ్వు నా బిడ్డవే. రా బిడ్డా, తిను."

కాకి దిగింది. దాని వెనక కాకిలోకమంతా దిగింది. మిట్టమధ్యాహ్నం దొర లాంతరు వెలిగించుకోవాల్సి వచ్చింది!

బండ్లు కదిలాయి. పొలిమేరదాకా బుచ్చవ్వ పక్కనే నడిచింది. "మెల్లగ తోలుండ్రి. పసిది" అంది.

కొన్నేళ్లకు ఆమె కూడా పోయింది. ఊరంతా కలిసి, ఎముక దొరికిన గట్టు దగ్గరే విస్తరేసింది. కాకి ముట్టలేదు.

"నీ మేకల్ని మేం సాకుతం" అన్నాడు పటేల్. ముట్టలేదు.

"నీ పేర దీపం పెడత" అన్నాడు పూజారి. ముట్టలేదు.

కమ్మరి రాజయ్య తల గోక్కున్నాడు. ఇంకో ముద్ద చేసి విస్తరి పక్కన పెట్టాడు. "ఇది నీ బిడ్డకు, బుచ్చవ్వా."

రెక్కల చప్పుడుకు ఏరు కూడా ఒక్క క్షణం ఆగి చూసిందట.

ఇప్పటికీ అటువైపు ఎవరికి పిట్టకు పెట్టినా, పక్కన ఇంకో ముద్ద వేస్తారు. దొర పెట్టిన పేరు అక్కడ ఎవరికీ నోరు తిరగదు. "బుచ్చవ్వ బిడ్డకు" అంటారు, అంతే. కాకులు ముందు ఆ ముద్దనే ముడతాయి.