రాణి మింగేసిన "రా"

అనగనగా ఒక రాజు. ఆ రాజుతో మనకి పెద్ద పని లేదర్రా, కొడుక్కి నడకైనా రాకముందే జ్వరమొచ్చి పోతాడు పాపం. ఆయనకో రాణి, పేరు కలువమాల. ఆ రాజ్యానికో సముద్రం, ఆ సముద్రపొడ్డున ఒక పడవల పేట, ఆ పేటలో నూకాలు. ఈ కథ నూకాలుది. ఊ కొట్టండి మరి, నేనేం గోడకి చెప్పుకుంటున్నానా?

నూకాలు మొగుడు పైడయ్య. అంతటి పడవవాడు ఆ ఒడ్డునే లేడు. పెళ్ళయి ఏడాది తిరగలేదు, ఇద్దరూ ఒకే కంచంలో తినేవాళ్ళు. అప్పుడొచ్చాయి రాణిగారికి వేవిళ్ళు. ఏది నోట్లో పెట్టినా కక్కేస్తోంది. నడిసముద్రం దీవి మీద కాసే పుల్లమామిడి తింటే తప్ప బతకనని కూర్చుంది. రాణి అడిగితే కాదనేదెవరు? పైడయ్యని పిలిపించారు. మబ్బు బాగాలేదమ్మా, రేపు పొద్దున్నే వెళ్తానన్నాడు వాడు. కలువమాల స్వయంగా ఒడ్డుకొచ్చి నించుంది. నోరు చేదు, ఒళ్ళంతా చిరాకు. "పో" అంది.

ఆ పేటలో పడవెక్కేవాడితో ఎవరూ "పో" అనరు. "పోయిరా" అంటారు. తిట్టుకున్నా కొట్టుకున్నా సరే, పడవ కట్టు విప్పేవేళకి పోయిరా అనాల్సిందే. ఆ చివరున్న "రా" ఉందే, అదే తాడు. దాన్ని పట్టుకునే మనిషి వెనక్కొస్తాడు. ఆ "రా"ని రాణి మింగేసింది. నూకాలు పొయ్యి మీద కూర దించి పరిగెత్తుకొచ్చేసరికి పడవ అలలు దాటేసింది. గొంతు చించుకుని అరిచింది, కానీ గాలి ఎదురు. ఒక్క మాటా అతని చెవిన పడలేదు.

పైడయ్య రాలేదు. పుల్లమామిడీ రాలేదు.

రాణి మాత్రం పండంటి కొడుకుని కంది, మణికేతుడని పేరు పెట్టుకుంది. ఆ తర్వాత రాజు పోయాడు. తన మొగుడు పోయాకే నూకాలుకి ఏం పోయిందో ఆవిడకి తెలిసొచ్చింది. ఓ రోజు పల్లకీ లేకుండా నడుచుకుంటూ నూకాలు గుడిసెకొచ్చింది. నూకాలు రమ్మనలేదు, పొమ్మనలేదు. రాణి అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్ళింది. మర్నాడూ వచ్చింది. వస్తూ వస్తూ ఇద్దరికీ అలవాటైపోయింది. చేపముల్లు తియ్యడం రాణికి నూకాలే నేర్పింది. రాణి తల్లో పేలు కూడా చూసింది. నవ్వకండి, రాణుల తలల్లోనూ పేలుంటాయి. ఇద్దరూ లోకంలో కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళు, ఆ ఒక్కరోజు ఊసు తప్ప.

పొద్దువాలాక రాణి లేచి, "వెళ్ళొస్తానే నూకాలూ" అనేది. నూకాలు ఒక్కనాడూ "వెళ్ళిరా" అనలేదు. తలొంచుకుని వల బాగుచేసుకునేది. రాణి కాసేపు నిలబడి, ఆ మాట రాదని తేలాక మెల్లిగా వెళ్ళిపోయేది. స్నేహం కాదనడానికి లేదు, అవుననడానికీ లేదు. అలా ఏళ్ళకేళ్ళు గడిచాయి.

మణికేతుడికి మీసాలొచ్చాయి. పొరుగురాజు కూతురు శశిరేఖతో పెళ్ళి కుదిరింది. ఇక పందిరి వేస్తారనగా, పడవ మీద షికారెళ్తానని తల్లి వెంటపడ్డాడు. ఒకసారడిగితే వద్దంది. రెండోసారడిగితే వద్దంది. మూడోసారి ఆవిడ పెళ్ళి పనుల్లో మునిగుండి, విసుగొచ్చి, పోరా అనేసింది. వాడు పడవెక్కాడు. మళ్ళీ కనబడలేదు.

రాణి జుట్టు విరబోసుకుని గుడిసెలోకొచ్చి పడింది.

"నూకాలూ, ఈసారి అన్నానే. పోరా అన్నాను. అందులో రా ఉందిగా."

"ఆ రా పిలుపు కాదమ్మా, కసురు" అంది నూకాలు.

రాణి నేల మీద అలాగే కూర్చుండిపోయింది.

నూకాలు ఒకప్పుడు వలలోంచి తప్పించి వదిలేసిన ముసలి తాబేలొకటుంది. అది ఒడ్డుకొచ్చి అసలు సంగతి చెప్పింది. ఏడు సముద్రాల అవతల కరకంఠుడనే మాంత్రికుడున్నాడు. "రా" లేకుండా సాగనంపిన మనుషులందరూ వాడి పాలే. పట్టుకుపోయి రాళ్ళు చేసి తన దీవి ఒడ్డున నిలబెట్టుకుంటాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. అది విన్నమాట తిరిగి అనక మానదు. పుట్టాక అది విన్నది ఒక్క "పో" మాటే. "రా" అన్నదా, దాని మెడ విరిగి వాడు చస్తాడు. కానీ ఆ దీవి మీద ఆ మాట ఎవరైనా ఒక్కసారే అనగలరు, ఆ తర్వాత జన్మలో ఆ నాలుక మీద అది మళ్ళీ పలకదు. రాయి మీద చెయ్యేసి పిలవాలి. చెయ్యేసిన ఆ ఒక్క రాయే మనిషవుతుంది, మిగతావన్నీ ఇసకైపోతాయి. "రా" మింగేసిన రాణి నోట అది అసలే పలకదు.

అందరి రాళ్ళూ అక్కడే ఉంటే పైడయ్య రాయీ అక్కడే ఉంటుంది. రాణి కొడుకు కోసం కాదు, తన మొగుడి కోసం పడవ కట్టు విప్పింది నూకాలు. ఆ సంగతి దాచలేదు కూడా. రాణి తెలిసే పడవెక్కింది.

తాబేలు ముందు ఈదుతుంటే ఒక్కొక్క సముద్రమే దాటారు. ఉప్పు సముద్రంలో రాణి, ఆ రోజు ఒడ్డున నేను, అని మొదలెట్టింది. తెడ్డెయ్యమ్మా అంది నూకాలు. పాల సముద్రంలో మళ్ళీ మొదలెట్టింది. తెడ్డెయ్యమ్మా అంది. చిట్టచివర నల్లనీళ్ళ సముద్రంలో మూడోసారి మొదలెట్టింది. తెడ్డెయ్యమ్మా అంది. రాణి అరచేతులు బొబ్బలెక్కి నెత్తురు కారుతున్నా తెడ్డు దించలేదు. నూకాలు తన పైటచెంగు చింపి ఆ చేతులకి కట్టింది.

దీవి చేరారు. కరకంఠుడు ఎవరినో పట్టడానికి సముద్రం మీదకి వెళ్ళున్నాడు. ఒడ్డంతా రాళ్ళు, మధ్యలో ఇనప కొయ్య మీద చిలక పో, పో అంటోంది. అన్నిటికన్నా కొత్తరాయి మణికేతుడు. మీసకట్టు కూడా తెలుస్తోంది. రాణి వాడి కాళ్ళు పట్టుకుని కూలబడింది.

నూకాలు పాతరాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. మొదటి రాయి తడిమింది. ముక్కు లేదు, కళ్ళు లేవు. రెండోది తడిమింది, మూడోది తడిమింది. ఇన్నేళ్ళూ అలలు కొట్టీ కొట్టీ అన్నీ అరిగి నున్నటి గుండ్లయిపోయాయి. ఒడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి మూడుసార్లు తిరిగింది. పైడయ్యా అని ప్రతి రాయికీ చెవి ఆనించింది. ఒకే కంచంలో తిన్న మొగుడు, ఏ రాయో పోల్చుకోలేకపోయింది. ఏం చెప్పనర్రా ఆ తల్లి ఏడుపు!

అంతలో దూరాన కరకంఠుడి పడవ నల్లటి తెరచాప కనిపించింది. రాణి కొడుకు కాళ్ళు వదిలేసి నూకాలు దగ్గరికొచ్చింది.

"ఏదో ఒక రాయి మీద చెయ్యేసి పిలుచుకో. నీ అదృష్టం బాగుంటే వాడే అవుతాడు. నా కొడుకు మాట మర్చిపో."

నూకాలు ఒక గుండు మీద చెయ్యేసింది. తీసింది. ఇంకోదాని మీద వేసింది. తీసింది. నా ఇల్లు ఆరిపోయాక దీని ఇంట్లో దీపమెందుకు, నోరు మూసుకుని ఇక్కడే చస్తే సరి, అని కూడా అనుకుంది. అనుకోలేదని అబద్ధం చెప్పను. రాణి బతిమాలలేదు. కట్టు కట్టిన ఆ రెండు చేతులూ వేలాడేసుకుని నిలబడింది. నూకాలు ఆ కట్లకేసి చూసింది. నడిచి వెళ్ళి మణికేతుడి భుజం మీద చెయ్యేసింది.

"రా, నాయనా" అంది.

చిలక తల వంకర పెట్టి విన్నది. "రా" అన్నది. మెడ విరిగి పడింది. నల్ల తెరచాప నీళ్ళలో మునిగింది. మణికేతుడు ఊపిరి తీసుకుని అమ్మా అన్నాడు. వాళ్ళ వెనకాల పాతరాళ్ళన్నీ సద్దు లేకుండా ఇసకై రాలిపోయాయి. నూకాలు ఓ గుప్పెడు ఇసక కొంగున ముడేసుకుంది. అది ఎవరి ఇసకో ఆ పైవాడికే తెలియాలి.

తిరిగొచ్చారు. మణికేతుడికీ శశిరేఖకీ ఆకాశమంత పందిరి, భూదేవంత అరుగు వేసి పెళ్ళి చేశారు. వాళ్ళు పిల్లాపాపలతో చాలాకాలం చల్లగా ఏలారు. ఊరంతా లడ్లు తిన్నారు. నూకాలు తినలేదు.

పెళ్ళి సందడి సద్దుమణిగాక కలువమాల నడుచుకుంటూ గుడిసెకొచ్చింది. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఈసారి కబుర్లు లేవు. పొద్దువాలింది.

"వెళ్ళొస్తానే నూకాలూ."

నూకాలు వల పక్కన పెట్టింది. తలెత్తి రాణి మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళకి ఆ మాట అందామని నోరు తెరిచింది. "వెళ్ళి..." అంది. నాలుక కదిలింది, పెదాలు కదిలాయి, రెండో మాట లేదు. ఉన్న ఒక్క "రా"నీ దీవిలో ఇచ్చేసింది. కళ్ళనీళ్ళు జలజలా రాలాయి.

రాణి ఒంగి ఆ తడి తుడిచింది. "వస్తానులే" అంది. మర్నాడు వచ్చింది.

అంతే కథ. అది దాని దారి పట్టింది, ఇక మీరూ లేవండి. ఒరేయ్, అలా లేచి పరిగెత్తడమేనా? వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళండి.