ఖాళీ సింహాసనం, మోడు మల్లెలు

ఒకానొక రాజ్యంలో ఉద్దండ భూపతి అనే రాజుండేవాడు. రాజ్యం మూడు కొండల మధ్య ఇమిడిపోయేదే గానీ, ఆయన మాటలు మాత్రం కోటలు దాటేవి. ఒక్కచోట నిలిచే మనిషి కాడు. కాలుగాలిన పిల్లిలా గుర్రపుశాలకీ వంటశాలకీ తిరుగుతూ, కనబడినదానిమీదల్లా ఒక ఆజ్ఞ పడేస్తుండేవాడు.

ఉన్నట్టుండి ఆయనకు తోట మీదికి మనసు పోయింది. ఏడాదిలో ఏ రోజు చూసినా తన తోట రంగులతో నిండి ఉంటుందని పొరుగు రాజుకి లేఖ రాసి, ఉగాదికి రమ్మని పిలిచాడు. ఆ తరువాతే తోటమాలి చెన్నక్కకు కబురు చేసి సంగతి చెప్పాడు. పెద్దల పద్ధతులు అలాగే ఉంటాయి మరి.

చెన్నక్క పని తెలిసిన మనిషి. ప్రహరీ వెంట ఏడాది పొడుగునా పూసే మందారం, నందివర్ధనం, గన్నేరు పొదలు పెంచింది. వాటి ముందు వానలకు జాజి, ఆశ్వయుజానికి బంతి, చలికి చేమంతి. ఎండలకు పాత మల్లెపొదలు ఉండనే ఉన్నాయి. ఒకటి అలిసేవేళకు ఇంకొకటి అందుకునేటట్టు అమర్చింది.

పుష్యమాసం వచ్చింది. చెన్నక్క మల్లెలకు నీళ్ళు మాన్పించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేసింది. అలా ఎండగడితేనే మల్లె వేసవిలో విరగబూస్తుంది. సరిగ్గా ఆ వారమే రాజు తోటలోకి వచ్చాడు. చేమంతుల పక్కన వరసగా మోళ్ళు కనబడ్డాయి.

ఆవిడ కారణం చెప్పబోయింది గానీ, ఆయన నిలబడి వింటేగా.

"నా కంటికి పనిచేస్తూ కనబడనిది ఏదీ నా కోటలో ఉండరాదు. సాయంత్రంలోగా ఈ మోళ్ళను పెరికి బయట పారేయండి" అంటూనే గుర్రపుశాల వైపు వెళ్ళిపోయాడు.

పద్దెనిమిదేళ్ళ పొదలవి. పెనిమిటి బతికున్నప్పుడు ఇద్దరూ కలిసి నాటినవి. చెన్నక్క ఏడుస్తూ ఆస్థాన విదూషకుడు వల్లభన్న దగ్గరికి పరుగెత్తింది.

"గడ్డపారలు తెచ్చేశారయ్యా. మళ్ళీ నాటితే ఇంతింత పొదలు కావడం నేను చూస్తానా?"

వల్లభన్న రాజుగారి ఆజ్ఞను పొల్లుపోకుండా ఆవిడ చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. గడ్డపారల వాళ్ళను తోటలో నుంచి పిలుచుకుని, ఆవిడను కూడా వెంటబెట్టుకుని, తిన్నగా కొలువుకూటానికి నడిచాడు.

మధ్యాహ్నం రాజు కొలువుకు వచ్చేసరికి గద్దె మీద సింహాసనం లేదు. ఎనిమిదిమంది దాన్ని మోసుకుంటూ గుమ్మం దాటిస్తున్నారు. సభలో అందరూ నేలచూపులు చూస్తున్నారు.

"ఎవడు చెయ్యమన్నాడురా ఈ పని?"

"తమరే మహాప్రభూ" అన్నాడు వల్లభన్న చేతులు కట్టుకుని. "పొద్దుటినుంచి నాలుగుసార్లు వచ్చి చూశాను. నాలుగుసార్లూ దాని మీద ఎవరూ లేరు. పనిచేస్తూ కనబడనిది కోటలో ఉండరాదని తమరు సెలవిచ్చారు. మల్లెలదేముంది, నిమిషంలో పెరికేయొచ్చు. ఇది బరువైంది కదా అని ముందు దీన్ని పట్టుకున్నాం."

రాజు ముఖం కందగడ్డయింది.

"నేను కూర్చోనంత మాత్రాన అది పనికిమాలినదై పోతుందా? దాని వేళ దానికి వస్తుంది. అందాకా అది అక్కడే ఉండాలి."

వల్లభన్న గుమ్మం పక్కన బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ చెన్నక్క వైపు తిరిగాడు.

"విన్నావుగా చెన్నక్కా. మల్లెల సంగతి మహారాజుగారు నీకంటే బాగా చెప్పారు. వెళ్ళి నీళ్ళు పెట్టే రోజు ఎప్పుడో చూసుకో."

సభలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. రాజు అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. తరువాత ఆగి, తనూ పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలో హారం తీసి వల్లభన్నకిచ్చాడు. అలాంటివి వద్దనేంత వెర్రివాడు కాడు వల్లభన్న, కళ్ళకద్దుకుని పుచ్చుకున్నాడు. చెన్నక్కకు తోట పక్కనే రెండెకరాల మాన్యం దక్కింది. ఆవిడ మాట లేకుండా తోటలో ఎవరూ ఆకు కూడా తుంచరాదని దండోరా వేయించారు.

ఉగాదికి పొరుగు రాజు వచ్చాడు. ఉద్దండ భూపతి ఆయన్ని వెంటబెట్టుకుని గబగబా తోటలోకి నడిచాడు. మల్లెపొదలు ఆకు కనబడకుండా పూసి ఉన్నాయి. ఏదో గొప్పమాట అనబోయిన ఉద్దండ భూపతి పక్కనున్న అరుగు మీద కూలబడి, దీపాలు పెట్టేవేళ దాకా లేవలేదు.

ఆ సాయంత్రం ఆయన ఎవరికీ ఏ ఆజ్ఞా వెయ్యలేదని కోటలోవాళ్ళు చాన్నాళ్ళు చెప్పుకున్నారు.