దురదకు బిరుదు

రాజుగారి ఎదుట ఎవరూ ఒళ్లు గోక్కోకూడదని శాసనం ఉన్న రాజ్యం ఒకటి ఉండేదట. చిత్రమేమిటంటే, ఆ రాజ్యంలో అందరికంటే ఎక్కువగా గోక్కునేవాడు రాజే.

ఆయన పేరు ఉద్దండ భూపాలుడు. ఆ చలికాలం ఆయన వేళ్ల సందుల్లో మొదలైన దురద నడుము దాకా పాకింది. ఆస్థాన వైద్యుడు ఎల్లన పండితుడు చేతులు పట్టుకుని పరీక్షించి, నిండు సభలో ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇది గజ్జి ప్రభూ. గంధకం పూస్తే పోతుంది."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. "గజ్జి కూలినాలి జనానికి వచ్చే రోగం. మమ్మల్ని తీసుకెళ్లి వాళ్లలో కలుపుతావా?" అని రాజు మండిపడ్డాడు. పండితుణ్ణి చెరలో వేయించి, పున్నమి వెళ్లగానే ఆ మాట అన్న నాలుక కోయించమన్నాడు.

ఆయన స్థానంలోకి చింతామణి అనే రసవైద్యుడు వచ్చాడు. "ఇది రాజరక్తం పొంగడం వల్ల కలిగే తేజోవికారం" అన్నాడు. పాదరసం నూరిన లేపం ఒకటి తెచ్చాడు. ముందుగా ఒక దాసికి పూసి చూశారు. కొద్ది రోజులకే ఆమె చిగుళ్లు వాచి, పళ్లు కదిలి ఊడిపోయాయి.

"దానికి రాజరక్తం లేదు కదా, అందుకే మందు పడలేదు. ప్రభువులకు మంచిరోజు చూసి పూద్దాం" అన్నాడు చింతామణి.

సభంతా తల ఊపింది. ఊపుతూనే ఉత్తరీయాల చాటున అందరూ చేతులు గోక్కున్నారు. గజ్జి అప్పటికే కొలువంతటికీ అంటుకుంది మరి.

తల ఊపినవాళ్లలో విదూషకుడు పేరిభట్టు కూడా ఉన్నాడు. ఎల్లన అతని చిన్ననాటి స్నేహితుడు. ఆ పూట ఇంటికి వెళ్లాక భట్టుకు అన్నం సహించలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. మర్నాడు చెరసాలకు వెళ్లి స్నేహితుడికి జరిగిందంతా చెప్పాడు.

"నా నాలుక సంగతి తరవాత చూద్దువుగాని, ముందు ఆ పాదరసం ఆపించరా" అన్నాడు ఎల్లన. "ఒంట్లోకి ఇంకితే పళ్లతో పోదు, ప్రాణం మీదికి వస్తుంది. గంధకం మెత్తగా నూరి కానుగనూనెలో కలిపి, మెడ నుంచి అరికాళ్ల దాకా మూడు రోజులు పట్టించాలి. రాణివాసం మొదలు గుర్రపుసాల దాకా అందరూ ఒకేసారి రాసుకోవాలి. ఒక్కడు మిగిలినా మళ్లీ అందరికీ అంటిస్తాడు. విడిచిన బట్టలు చాకలి బానలో ఉడకాలి."

"ఇదంతా రాజుగారికి ఎలా చెప్పడం?"

"నేను చెప్పిన తీరులో మాత్రం చెప్పకు" అన్నాడు ఎల్లన, సంకెళ్లు చూపిస్తూ.

పేరిభట్టు సభకు వెళ్లి రాజు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మహాప్రభూ, మన కొలువులో పెద్ద అమర్యాద జరిగిపోయింది. బిరుదు లేనిదొకటి తమ ఒంటి మీదే తిష్ఠ వేసింది."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి.

"మన సేనాపతిగారి తాత గొర్రెలు కాసేవాడు" అని భట్టు సాగించాడు. "తమరు బిరుదిచ్చారు, ఇవాళ సేనాపతిగారు తమ పక్కన కూర్చుంటున్నారు. అందువల్ల తమరు తగ్గారా? ఆయన పెరిగారు. తమను తాకినది ఏదైనా గొప్పదవుతుంది, దాని వల్ల తమరు చిన్నవారు కారు. కనుక ఈ దురదకూ ఒక బిరుదు దయచేయించండి."

సేనాపతి మొహం మాడ్చుకున్నాడు. రాజు మొహం మాత్రం విచ్చుకుంది.

"ఏం బిరుదు?"

"కండూతి సార్వభౌమ, అంటే దురదలకు చక్రవర్తి."

"గంభీరంగానే ఉంది. తరవాత?"

"తరవాతేముంది ప్రభూ, వచ్చిన అతిథికి మర్యాద చేసి సాగనంపడమే. మూడు రోజుల పండుగ. రాణివాసం మొదలు గుర్రపుసాల దాకా అందరికీ అభ్యంగనం, అందరికీ కొత్తబట్టలు. విడిచినవి చాకలి బానకు. నూనె మాత్రం అతిథికి తగినది కావాలి, గంధకం కలిపిన కానుగనూనె. ఆ తరవాత మరే లేపం పూసినా అతిథికి అవమానం."

చింతామణి ఏదో అనబోయాడు. రాజు చెయ్యెత్తి ఆపాడు.

"ఒక్కటే చిక్కు" అన్నాడు భట్టు. "వీడ్కోలు పలికేవాడు ఆ అతిథిని పేరు పెట్టి పలకరించినవాడే అయి ఉండాలి. అలాంటివాడు రాజ్యంలో ఒక్కడే ఉన్నాడు. పున్నమి వెళితే వాడికి నాలుక ఉండదు."

రాజు భట్టును ఎగాదిగా చూశాడు. ఆ తరవాత, "పండితుణ్ణి తీసుకురండి" అన్నాడు.

పండుగ ఘనంగా జరిగింది. వందిమాగధులు స్తోత్రాలు చదువుతుండగా గజ్జిని ఖాళీ పల్లకిలో ఊరేగించి పొలిమేర దాటించారు. పల్లకి ముందు ఎల్లన నడిచాడు. నెల తిరిగేసరికి కొలువులో గోక్కునేవాడు లేడు.

రాజు నిండు సభలో పేరిభట్టును పిలిచి విరగబడి నవ్వాడు. "ఏమోయ్ భట్టూ, అది గజ్జేనని మాకు మొదటి రోజే తెలియదనుకున్నావా? తెలియడం వేరు, పదిమందిలో అనిపించుకోవడం వేరు" అని అతని చేతికి బంగారు కంకణం తొడిగాడు.

ఎల్లన వైపు తిరిగి, "నిన్ను క్షమించాం. ఇకమీదట నోరు అదుపులో పెట్టుకో" అన్నాడు.

నిజం చెప్పినవాడికి క్షమాభిక్ష, అబద్ధం అల్లినవాడికి బంగారం. సభ జయజయధ్వానాలు చేసింది.

కోట వాకిట్లో పేరిభట్టు కంకణం తీసి స్నేహితుడి చేతిలో పెట్టబోయాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"ఉంచుకోరా" అన్నాడు ఎల్లన. "మందు నాది, రంగరించిన తేనె నీది. ఈ కొలువులో విలువ తేనెకే. ఆ దాసిని చూసి వచ్చాను. ఇక జన్మలో గట్టి ముద్ద నమలలేదు. ఆమె పేరేమిటో కూడా ఇక్కడ ఎవరికీ తెలియదు."

ఆ వారంలోనే ఎల్లన పండితుడు మందులపెట్టె సర్దుకుని పొరుగు రాజ్యానికి వెళ్లిపోయాడు. ఆ తరవాత ఉద్దండ భూపాలుడికి ఏ జబ్బు చేసినా చింతామణే మందిచ్చాడు.