నోరు తెరిచిన బొంతు

అనగనగా ఒక రాజ్యం అని మొదలయ్యే కథలు మీరు చాలా విన్నారు. ఈ కథలో రాజ్యం లేదు. అనగనగా ఒక సముద్రం, దాని అడుగున ఏనుగంత నల్లరాయి, ఆ రాయి దగ్గర ఒక వైద్యుడు.

వైద్యుడంటే మనిషి కాదు. వేలెడంత చేప. ఒంటిమీద నీలి గీత, నోట్లో సూదిమొనల్లాంటి పళ్ళు. అందుకే వాడికి చిరుదంతుడని పేరు.

పెద్ద చేపల మొప్పల్లో, నోళ్ళలో పురుగులు పడతాయి. చేపకు చేతులు లేవు. గోక్కోలేదు, తీసుకోలేదు. ఆ రాయి దగ్గరకు వచ్చి నోరు తెరిచి నిలబడుతుంది. చిరుదంతుడు ఆ నోట్లోకి దూరి పురుగులు ఏరుకుని తింటాడు. రోగికి బాధ పోతుంది, వైద్యుడికి కడుపు నిండుతుంది.

ఆ రాయికి ఒక కట్టుబాటు ఉంది. అక్కడ ఎవరూ ఎవరినీ తినకూడదు. ఎంత ఆకలి మీదున్నా సరే, వైద్యుడు నోట్లో ఉండగా రోగి నోరు మూయకూడదు. నోట్లోకి వెళ్ళాక వైద్యుడు పని తప్ప మరొకటి చూడకూడదు.

చిరుదంతుడి తండ్రి ఆ కట్టుబాటు మీదే బతికాడు. సొరచేప నోట్లోకి వెళ్ళి, పని ముగించి, తల తిప్పకుండా బయటికి వచ్చేవాడు. ఆయన్ని తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కొడుకుని తలుచుకుంటే అనిపించదు.

రాయికి అవతల, చీకటి పక్కన, ఒక రొయ్య ఉండేది. ఆమెదీ అదే వైద్యం. పొడుగాటి తెల్ల మీసాలుండేవి గనక అందరూ మీసాలత్త అనేవారు. ఆమె పని నిదానం. ఒక్కొక్క పురుగునే పట్టి, లాగి, మళ్ళీ తడిమి చూసేది. చిన్నాచితకా చేపలే ఆమె దగ్గరకు పోయేవి.

"రొయ్యకు లేవా బారెడు మీసాలు," అని నవ్వేవాడు చిరుదంతుడు. "మీసాలుంటే వైద్యం వస్తుందా అత్తా?"

"రాదు నాయనా. చెయ్యగా చెయ్యగా వస్తుంది. నీకింకా రావాలి," అనేది ఆమె.

ఒకనాడు ముసలి బొంతు ఒకటి ఆ రాయిని వెతుక్కుంటూ వచ్చింది. బొంతంటే రాళ్ళ సందుల్లో ఉండే పెద్ద నోటి చేప. అందరూ ఆయన్ని బొంతు తాత అనేవారు. మొప్పల నిండా పురుగులు. ఊపిరి అందడం లేదు. రెండు రోజుల దూరం ఈదుకుంటూ వచ్చాడు. దారిలో ఇసుక మీద పడుకుని లేచి, పడుకుని లేచి వచ్చాడు.

"నాయనా చిరుదంతా," అన్నాడు. "కుడి మొప్పలో మొదలై ఎడమ దాకా పాకింది. ఇంకో మూడు రోజులు ఓర్చుకుంటాను. ఆపైన నా వల్ల కాదు."

"మూడు రోజులెందుకు తాతా. ఇప్పుడే నోరు తెరువు," అన్నాడు వైద్యుడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అబద్ధం చెప్పను.

అప్పుడే పైన పడవ ఆగింది. నీళ్ళలోకి మనుషులు దిగారు.

తాబేలు ఒకటి గాలి కోసం పైకి వెళ్ళి, పడవ మాటలు విని కిందికి మోసుకొస్తుండేది. "పందెమట," అంది. "వీపున గాలి సిలిండర్లు కట్టుకుని, నీళ్ళలో మునిగి ఫోటోలు తీసే పందెం. వీళ్ళకిది బతుకుతెరువు కాదట. ఒకడు దర్జీ, ఒకావిడ పంతులమ్మ, ఇంకొకాయనకి మందుల కొట్టు. సరదాకి మునుగుతారట. మూడు రోజులు తీస్తారు. ఎవరి ఫోటో బాగుంటే వాళ్ళకి వెండి కప్పు."

"ఫోటో అంటే ఏమిటి?" అని అడిగాడు చిరుదంతుడు.

"నీ రూపాన్ని పట్టి కాగితం మీద నిలబెడతారు. నువ్వు పోయినా అది ఉంటుంది. వెయ్యిమంది చూస్తారు."

ఆ మాట వాడి చెవిని పడింది. పడకపోతే ఈ కథే లేదు.

కాళ్ళకు పసుపు రెక్కలు తొడుక్కున్న మనిషి రాయి దగ్గరకు వచ్చాడు. దర్జీ పైడిరాజు అతనే. కెమెరా ఎత్తాడు. మెరుపు మెరిసింది.

బొంతు నోట్లోకి సగం వెళ్ళిన చిరుదంతుడు ఆగాడు. వెనక్కి తిరిగాడు. నీలి గీత వెలుగులో కనబడేలా ఒళ్ళు వంచాడు. మళ్ళీ మెరుపు. రెక్కలు విప్పాడు. మళ్ళీ మెరుపు. పైడిరాజు గాలి అయిపోయి పైకి వెళ్ళేదాకా అదే వరస.

"ఎన్ని తీశావు నాయనా?" అని అడిగాడు బొంతు తాత.

"రెండు తాతా. మిగతావి రేపు."

తాత మొప్పల్లో ఉన్నవి వందలు.

మీసాలత్తకు ఆ మాట వినపడింది. రాయి చుట్టూ పాక్కుంటూ వచ్చింది. "బొంతన్నా, నా పక్కకి రా. నేను నిదానమే, కాదనను. ఇప్పుడు మొదలుపెడితే ఎల్లుండికి ఒక మొప్పయినా తేలికపడుతుంది."

"వద్దమ్మా. మా తాతకీ మా నాన్నకీ ఈ ఇంటి వైద్యమే. వీడి తండ్రి నా ప్రాణం రెండుసార్లు నిలబెట్టాడు. ఇవాళ నీ పక్కకి వస్తే ఆయనకి ఏం ముఖం చూపించను?"

"పోయినవాళ్ళకి ముఖం చూపించక్కర్లేదన్నా. నీ ఊపిరి సంగతి చూసుకో."

ఆయన వెళ్ళలేదు. మర్యాదస్థుడు. మర్యాద కూడా ఒక్కోసారి మొప్పలో పురుగులాంటిదే.

రెండో రోజు తాబేలు ఇంకో మాట మోసుకొచ్చింది. పడవలో పైడిరాజు పంతులమ్మతో అన్నాడట, "నిన్న చేప నోరు సగమే తెరిచిందండీ. పూర్తిగా తెరిచి, ఆ బుల్లి చేప పెదవి మీద నిలబడిందంటే కప్పు నాదే."

"కప్పు సంగతి సరే పైడిరాజూ. ఆ పెద్ద చేపకి ఒంట్లో బాగున్నట్టు లేదు. మొప్పలు ఎలా ఎగరేస్తోందో చూశావా?"

"ఊరుకోండి పంతులమ్మగారూ. నీళ్ళలోకొచ్చినా పిల్లలకి జ్వరం చూసినట్టే చూస్తారు."

అందరూ నవ్వారట. ఆవిడ కూడా నవ్వి ఊరుకుందట.

చిరుదంతుడికి కావలసింది దొరికింది. ఎక్కడ నిలబడాలో తెలిసింది. ఆ రోజు బొంతు తాత పెదవి మీదే నిలబడ్డాడు. లోపలికి అడుగు వెయ్యలేదు.

"లోపలికి వెళ్ళు నాయనా. పురుగులు లోపలున్నాయి."

"లోపల చీకటి తాతా. అక్కడ నేను కనపడను."

రాయి దగ్గర వరసలో పండుగప్ప ఉంది, చందువ ఉంది, వాటి వెనక ఇంకో పది చేపలున్నాయి. అన్నీ ఆ మాట విన్నాయి. ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. ఏమీ అనలేదు. అనవలసింది. పెద్దవాడి ప్రాణం పోతుంటే వరస తప్పకుండా నిలబడ్డం ఏం గొప్ప.

ఆ రోజు ఒక్క పురుగు కూడా బయటికి రాలేదు.

మూడో రోజుకి బొంతు తాత నిటారుగా నిలవలేకపోయాడు. రాయికి ఆనుకున్నాడు. రంగు మారింది. మీసాలత్త మళ్ళీ వచ్చి, ఈసారి అడక్కుండానే ఒక మొప్ప అంచు పట్టుకుంది. నాలుగు పురుగులు లాగింది. అంతలో చిరుదంతుడు వచ్చి, "పక్కకి తప్పుకో అత్తా. వాళ్ళు దిగుతున్నారు," అని తోసేశాడు.

పసుపు రెక్కలు దగ్గరకు వచ్చాయి.

"తాతా, ఇవాళే ఆఖరు. నోరు బాగా తెరువు," అన్నాడు చిరుదంతుడు.

బొంతు తాత నోరు తెరిచాడు. ఇంతకు ముందు ఎన్నడూ తెరవనంత పెద్దగా తెరిచాడు. తన కోసమే అనుకున్నాడు చిరుదంతుడు. తన కోసమే అనుకున్నాడు పైడిరాజు కూడా. ఆయన తెరిచింది ఊపిరి కోసం.

ఆ నోటి నడుమ, గుమ్మంలో నిలబడ్డట్టు, నీలి గీత తళతళలాడుతూ నిలబడ్డాడు వైద్యుడు. మెరుపు మెరిసింది.

"కుడి మొప్ప నాయనా," అన్నాడు తాత.

"ఒక్క క్షణం ఓపిక పట్టు."

మెరుపు మెరిసింది.

"ఒక్కటి తీసినా చాలు నాయనా."

"కదలకు తాతా. కదిలితే చెడిపోతుంది."

మెరుపు మెరిసింది. పైడిరాజు సంతోషంతో బుడగలు వదులుకుంటూ పైకి వెళ్ళిపోయాడు.

చిరుదంతుడు అప్పుడు లోపలికి తిరిగాడు. "ఇప్పుడు చెప్పు తాతా. ఎక్కడన్నావు?"

జవాబు రాలేదు. నోరు తెరిచే ఉంది. ఆ మహానుభావుడు ప్రాణం పోయేటప్పుడు కూడా వైద్యుడి మీద నోరు మూయలేదు. కట్టుబాటు ఆయన వైపు నుంచి తప్పలేదు. ఇది మీరు మరిచిపోకండి. నేను మరవలేదు.

వరసలో ముందున్న పండుగప్ప మెల్లగా వెనక్కి తిరిగింది. "వైద్యుడు పని మానేశాడు. ఇక మేం మాత్రం దేనికి కట్టుబడాలి?" అంది. పోతూ పోతూ, రాయి పక్కన ఆడుకుంటున్న ఒక చిన్న చేపను మింగేసింది. ఆ రాయి దగ్గర అంతకు ముందు అలా జరగలేదు. ఆ తరవాత అలా జరగని రోజు లేదు.

వారం తిరిగేసరికి చిరుదంతుడికి ఆకలి తెలిసింది. ఏ చేప దగ్గరకు వెళ్ళినా నోరు మూసుకునేది. "నేను చేస్తాను, ఈసారి లోపలిదాకా వెళతాను," అని బతిమాలుకున్నాడు. చందువ కాళ్ళావేళ్ళా పడ్డాడు. చందువ వినిపించుకోలేదు.

చీకటి పక్కకి వెళ్ళాడు. "అత్తా, నన్ను నీ దగ్గర ఉంచుకో. ఎవరూ చూడని చోటే చేస్తాను."

మీసాలత్త మనసు మంచిది. ఉంచుకుంది. కాని వాడు దగ్గరకు రాగానే రోగులు ఆమె దగ్గర కూడా నోరు మూసుకోవడం మొదలుపెట్టారు. రెండు రోజులు చూసి ఆమే అంది, "వెళ్ళు నాయనా. నిన్ను ఉంచుకుంటే వీళ్ళు చచ్చిపోతారు."

ఆ నెలాఖరుకి తాబేలు వచ్చింది. "కప్పు పైడిరాజుకే వచ్చింది. నువ్వూ తాతా ఉన్న ఫోటో. గోడంత చేసి పెట్టారట. కింద 'నమ్మకం' అని రాశారట. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట."

"నేను బాగున్నానా?" అని అడగలేదు చిరుదంతుడు. "తాత ఎలా ఉన్నాడు?" అని అడిగాడు.

"నోరు తెరిచి ఉన్నాడు."

వాడు రాయి కిందికి వెళ్ళాడు. మళ్ళీ బయటికి రాలేదు.

సముద్రంలోని రోగులందరూ ఇప్పుడు మీసాలత్త దగ్గరకే వస్తున్నారు. గెలిచింది ఆమే అనుకోవచ్చు. కాని ఆమె ఒక్కతి. ఒకరి మొప్ప శుభ్రం చేసేలోగా వరసలో ఇద్దరు పక్కకి ఒరిగిపోతున్నారు. ఆమె తల తిప్పి చూడదు. చూస్తే చేతిలో ఉన్నవాడు కూడా పోతాడు.

పదిమంది చూడాలని చేసే మేలు, ప్రాణం మీదికొచ్చిన ఒక్కడికి అందదు.