బంతి చప్పుడు వినబడే చోటు

"అంపైరు ఎక్కడ నిలబడాలి మాస్టారూ?" అని జెకర్యా మా పెదనాన్నను అడిగేనాటికి అతని మోకాలికి ఇంకా పట్టీ ఉంది. మిషను స్కూలు మైదానంలో దొరలు నేర్పి వెళ్లిన బేస్‌బాల్‌ను మా పేటలో మూడు తరాలు ఆడాయి. జెకర్యా పదేళ్లు ఆడాడు. మోకాలు విరిగాక ఇక పరిగెత్తకూడదన్నారు డాక్టర్లు. తన వాళ్ల మధ్య ఉండడానికి అతనికి మిగిలిన దారి అంపైరు కావడం ఒక్కటే. మా పెదనాన్న దైవాధీనం మాస్టారు అప్పటికి మా పేటకున్న ఒకే ఒక్క అంపైరు.

దేవుడు ఆయనకు చాలా చిన్న నోరిచ్చాడని మా పెద్దమ్మ అంటుండేది. జెకర్యాకూ ఆయన ఎక్కడ నిలబడాలో చెప్పలేదు. "ఈస్టరు మర్నాడు మ్యాచ్ ఉందిగా. నేను బ్యాటు కొట్టేవాడి వెనక ఉంటాను. మొదటి బేస్ నువ్వు చూసుకో. ఎక్కడ నిలబడతావో నీ ఇష్టం" అన్నారు.

ఆ రోజు జరిగినదంతా పెదనాన్న జ్ఞాపకార్థ కూడికలో జెకర్యా అన్నే లేచి చెప్పాడు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

పక్క ఊరి జట్టు వచ్చింది. ప్రార్థన చేసుకుని ఆట మొదలుపెట్టారు. మా పేట కుర్రాళ్లు, బంతి కొట్టినవాడు ముందుగా పరిగెత్తి చేరాల్సిన మొదటి బేస్ పక్కన, మైదానం హద్దు గీత అవతల, టార్పాలిన్ నీడలో కూర్చున్నారు. జెకర్యా వాళ్లకు దాదాపు ఆనుకునే నిలబడ్డాడు.

"ఒరేయ్, ఆ నల్ల ప్యాంటులో అచ్చం బ్యాంకు ప్యూనులా ఉన్నావురా" అన్నాడు తీతు. చిన్నప్పటి నుంచీ జెకర్యాకు ప్రాణస్నేహితుడతను. అందరూ నవ్వారు. జెకర్యా కూడా నవ్వాడు. కాలు విరిగాక అంతలా నవ్వడం అదే మొదలట.

స్కోరు సమంగా ఉండగా ఆట చివరికొచ్చింది. తీతు బంతిని కొట్టి మొదటి బేస్‌కు పరిగెత్తాడు. అతని కాలు బేస్ మీద ముందు పడితే, మూడో బేస్ నుంచి వచ్చిన మావాడి పరుగు లెక్కకొచ్చి మా వాళ్లు గెలిచినట్టే. బంతి ముందుగా బేస్ దగ్గరున్న పక్క ఊరివాడి గ్లవుజులో పడితే తీతు అవుట్. ఆ రెంటినీ ఒకేసారి కంటితో పట్టుకోవడం కష్టం. అందుకని అంపైర్లు కాలును కంటితో చూస్తారు, గ్లవుజులో బంతి పడిన చప్పుడు చెవితో వింటారు.

"సేఫ్!" అని, అవుట్ కాలేదన్నట్టు, జెకర్యా చేతులు చాపాడు. పేటంతా మైదానంలోకి ఉరికింది. తీతు వచ్చి అతని భుజం చుట్టూ చెయ్యేశాడు.

పక్క ఊరి కెప్టెన్ పెదనాన్న దగ్గరికి పోయి, "అయ్యా, బంతే ముందొచ్చింది. మీరైనా చెప్పండి" అన్నాడు.

"నేనక్కడ లేను బాబూ. ఉన్నవాణ్ణే అడుగుదాం" అని పెదనాన్న నడిచి వచ్చారు. జెకర్యాను ఒక్కటే అడిగారు.

"చప్పుడు విన్నావా?"

జెకర్యా తల అడ్డంగా ఊపాడు. "మా వాళ్ల కేక విన్నాను మాస్టారూ. కాలు పడేసరికే బంతి గ్లవుజులో ఉంది, కంటికి కనబడింది. కానీ వాళ్లు సేఫ్ అని అరిచేశారు. నా నోరూ వాళ్లతో కలిసిపోయింది."

జెకర్యా పిడికిలి బిగించి పైకెత్తి, "అవుట్" అన్నాడు.

భుజం మీది చెయ్యి జారిపోయింది. "మోకాలొక్కటే పోయిందనుకున్నాం రా అబ్బాయిలూ. వీడే పోయాడు" అన్నాడు తీతు.

ఇంకో విడత ఆడించారు. జెకర్యా ఈసారి టార్పాలిన్ వైపు పోలేదు. గీత దాటి మైదానం లోపలికి, బేస్‌కు ఆరడుగుల అవతలికి, ఏడడుగుల అవతలికి, ఇంకా అవతలికి నడిచి, బంతి తన ముందునుంచి అడ్డంగా పోయే చోట ఎండలో నిలబడ్డాడు. అక్కడికి ఎవరి మాటలూ అందలేదు. గ్లవుజులో పడే ప్రతి బంతీ వినబడింది. మా పేట ఓడిపోయింది.

టార్పాలిన్ కింద ఈస్టరు బిర్యానీ గిన్నె మూత తీశారు. జెకర్యాను ఎవరూ పిలవలేదు. అతను కుంటుకుంటూ పెదనాన్న దగ్గరికి వచ్చాడు.

"అక్కణ్ణుంచి అన్నీ బాగా తెలుస్తున్నాయి మాస్టారూ. కానీ మరీ దూరంగా ఉంది."

పెదనాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని, నవ్వులు వినబడుతున్న వైపు కాసేపు చూశారు.

"దూరమే నాయనా. అంపైరునై ముప్పై రెండేళ్లయింది. నాకింకా అలవాటు కాలేదు."